లిస్బన్ నుంచి లేబర్ అడ్డాకి

*ఇల్లు కట్టాలంటే తాపీ మేస్త్రి. పెళ్ళి భోజనాలకు వంట మేస్త్రి. మార్కెట్ యార్డులో ముఠా మేస్త్రి. రాజకీయాల్లో ఎద్దేవా చేయాలంటే గుంపు మేస్త్రి. ఇంత తెలుగైపోయిన మాట తెలుగునాట పుట్టింది కాదు. 500 ఏళ్ళ కిందట పోర్చుగీసు ఓడ దిగి వచ్చింది.*

మిల్లర్‌కి పసుపు కుంకుమ పెట్టి, చక్రం కింద నిమ్మకాయలుంచి, కొబ్బరికాయ కొట్టారు. హైదరాబాద్ శివారు బోడుప్పల్‌లో ఒక ఇంటికి ఆ రోజు రెండో స్లాబు. ఏడు గంటలకల్లా మిల్లర్ తిరగడం మొదలైంది. నెత్తిన తట్టలతో పాలమూరు ఆడవాళ్ళు వరస కట్టారు. పైన సెంట్రింగు రేకుల మీద ఓ నడివయసు మనిషి అటూ ఇటూ తిరుగుతున్నాడు. పైకి కట్టిన లుంగీ, మెడలో తువ్వాలు, చెవి మీద పెన్సిలు. తట్ట మోయడు, పార పట్టడు. కడ్డీల మధ్య కాలు మోపి కింద ఆనించిన జాకీల బిగువు చూసుకుంటున్నాడు. ఒకచోట ఆగి మడమతో రెండుసార్లు తొక్కి కిందికి కేకేశాడు. ‘‘ఈడ ఇంకో జాకీ పెట్టుండ్రి, ఊగుతాంది!’’

‘‘మేస్త్రీ, ఇంకెన్ని మూటలున్నయ్?’’ తట్ట దించుతూ అడిగింది ఓ పెద్దామె.

‘‘నలభై ఉంటయ్ అక్కా. జర జల్ది పోనియ్యుండ్రి, మొగులు పట్టింది.’’

‘‘పైన నిలబడి జల్ది అంటవ్. నువ్వో తట్ట మోసి చూడు!’’

అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు. తట్ట మాత్రం పట్టలేదు.

బ్రెజిల్‌లో సాల్వడోర్ అని సముద్రం ఒడ్డున ఒక నగరం ఉంది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ సంతతి పెంచుకున్న ‘కపోయెరా’ అనే విద్యకు అది పుట్టిల్లు లాంటిది. అది సగం కుస్తీ, సగం నాట్యం. అక్కడి అఖాడాలో శిష్యులు గురువుని పిలిచే పిలుపు ‘మెస్త్రి’. కాగితం మీద ‘మెస్త్రె’ అని రాస్తారు గాని, బ్రెజిల్ వాళ్ళ నోట్లో చివరి ‘ఎ’ ‘ఇ’గా మారుతుంది. మన మాటకు ఉన్న దీర్ఘం వాళ్ళకు లేదు. అంతకు మించి తేడా లేదు.

ఆమధ్య తెలంగాణ రాజకీయాల్లో ఈ మాట మీద పెద్ద రగడే నడిచింది. ‘గుంపు మేస్త్రి’ అని ఒక పక్షం వెక్కిరించింది. అవతలి పక్షం, అవును మేస్త్రినే, కట్టేవాణ్ణే అంటూ ఆ వెక్కిరింతనే బిరుదుగా తగిలించుకుంది. చర్చ మనుషుల మీద జరిగింది గాని, ఒకే మాట ఒకరికి తిట్టుగా, ఇంకొకరికి గొప్పగా ఎలా పనికొచ్చిందో ఎవరూ పట్టించుకోలేదు. మేస్త్రి అంటే పని తెలిసినవాడా, పనివాళ్ళను చేతిలో పెట్టుకున్నవాడా? ఈ రెండర్థాలూ ఆ మాట వెంటే ఓడెక్కి వచ్చాయి. ఎక్కడ ఏ అర్థం పైచేయి అయిందన్నదే దీని అసలు చరిత్ర.

‘ఎక్కువ’ వాడు

మాటకు మూలం లాటిన్‌లో ఉంది. ‘మాగిస్’ అంటే ఎక్కువ. దానిలోంచి ‘మాగిస్తెర్’ వచ్చింది. పదిమందిలో పైవాడు, పెద్ద, గురువు అని అర్థం. లాటిన్ సాగి సాగి పోర్చుగీసుగా మారే క్రమంలో మధ్యలోని ‘గ’ అరిగిపోయింది. మధ్యయుగపు రాతల్లో ‘మెఎస్త్రె’ అని రెండు ‘ఎ’లతో కనిపిస్తుంది. తరవాత ఆ రెండూ ఒకటై ‘మెస్త్రె’ మిగిలింది. నేరుగా లాటిన్ నుంచి కాదు, పాత ఫ్రెంచి మీదుగా పోర్చుగల్ చేరిందనే పండితులూ ఉన్నారు. మన కథకు ఆ తేడా అంత ముఖ్యం కాదు.

ముఖ్యమైన తేడా ఇంకోటి ఉంది. లాటిన్‌లో ‘మాగిస్’కు ఎదురుమాట ‘మినుస్’, అంటే తక్కువ. మన లెక్కల పుస్తకంలో మైనస్ అదే. దానిలోంచి పుట్టింది ‘మినిస్తెర్’. తక్కువవాడు, సేవకుడు అని అర్థం. నేటి మినిస్టరు ఆయన వారసుడే. 1993లో కోదండరామిరెడ్డి తీసిన ‘ముఠా మేస్త్రి’లో చిరంజీవి మార్కెట్ మేస్త్రిగా మొదలై మంత్రి అవుతాడు. హాలంతా ఈలలు వేసింది. లాటిన్ పంతులెవరైనా ఆ హాల్లో ఉండి ఉంటే, పాపం, పైనుంచి కిందికి దిగాడే అనుకునేవాడు.

[బాక్సు] ఒకే ఇంటివాళ్ళు

ఇంగ్లీషు మాస్టర్, మిస్టర్, ఇటాలియన్ మాయెస్ట్రో, ఫ్రెంచి మేత్ర్, జర్మన్ మైస్టర్, కోర్టులో మేజిస్ట్రేటు అందరూ మాగిస్తెర్ సంతానమే. దక్షిణ ఫ్రాన్సులో హోరెత్తే ‘మిస్ట్రల్’ గాలి పేరుకూ మూలం ఇదే. గాలులన్నిటికీ అది పెద్దన్నమాట. బళ్ళో పాఠం చెప్పే మాస్టారు, ఎండలో గోడ కట్టే మేస్త్రి వరసకు అన్నదమ్ములు. ఒకరు ఇంగ్లీషు బండెక్కి వచ్చారు, ఇంకొకరు అంతకు ముందే పోర్చుగీసు ఓడలో దిగారు.

కప్పు కింద కూర్చున్న మేస్త్రి

పోర్చుగల్లో ‘మెస్త్రె’ అన్న బిరుదు రాజు నుంచి రాతిపనివాడి దాకా అందరికీ ఉండేది. 1385 ఆగస్టు 14న అల్జుబరోటా దగ్గర కాస్తీల్ సైన్యాన్ని ఓడించి సింహాసనం నిలుపుకున్న మొదటి జువావ్ రాజును చరిత్రలో ‘ఆవిష్ మెస్త్రె’ అంటారు. ఆవిష్ అనేది ఒక మతయోధుల సంఘం, ఆయన దానికి పెద్ద. యుద్ధం గెలిస్తే దేవుడికి మఠం కట్టిస్తానని మొక్కుకున్నాడు. ఆ మొక్కే బతాల్యా మఠం. మరుసటి ఏడాది పని మొదలైంది. మొదటి మెస్త్రె అఫోన్సు దొమింగెష్. ఆయన 1402లో పోయాక పగ్గాలు హ్యుగెట్ అనే విదేశీయుడి చేతికి వచ్చాయి.

ఆ మఠంలో సన్యాసులు సమావేశమయ్యే గది ఒకటుంది. ఒక్కో వైపు సుమారు 19 మీటర్లు. నడుమ ఒక్క స్తంభమైనా లేదు. పైన రాతి కప్పు నక్షత్రం ఆకారంలో విచ్చుకుని ఉంటుంది. అంత వెడల్పున, ఊతం లేకుండా, రాయి ఎలా నిలుస్తుందని ఆనాడు ఎవరూ నమ్మలేదు. కప్పు కూలిందని, మళ్ళీ కట్టాక కింద ఆసరా కర్రలు తీయడానికి మామూలు కూలీలు ముందుకు రాకపోతే మరణశిక్ష పడిన ఖైదీలను దింపారని జనం చెప్పుకుంటారు.

19వ శతాబ్దపు రచయిత అలెషాండ్రె ఎర్కులానో దీన్నే కథగా రాశాడు. ఆ కథలో దొమింగెష్ ముసలివాడు, చూపు పోయినవాడు. విదేశీ మెస్త్రె కట్టిన కప్పు కూలాక రాజు ఆయన్ని మళ్ళీ పిలిపిస్తాడు. గుడ్డివాడు తన లెక్కతో కట్టిస్తాడు. ఆసరాలు తీశాక ఆ కప్పు కిందే మూడు రోజులు అన్నం నీళ్ళు ముట్టకుండా కూర్చుంటాడు. కప్పు నిలుస్తుంది, ప్రాణం నిలవదు. చరిత్రకారులు మాత్రం ఆ కప్పు హ్యుగెట్ పనే అంటారు. జనానికి సొంతూరి మేస్త్రి గెలవాలి కాబట్టి కథ అలా తిరిగింది.

ఆ గదిలో ఒక మూల, కప్పు కమాను దిగేచోట, కొలబద్ద చేతపట్టుకుని ఒదిగి కూర్చున్న మనిషి బొమ్మ ఒకటి చెక్కారు. అది కట్టిన మేస్త్రిదేనంటారు. 1921 నుంచి అదే గదిలో, మొదటి ప్రపంచయుద్ధంలో పేరు తెలియకుండా పోయిన సైనికుల సమాధి ఉంది. ఇద్దరు సిపాయిలు కాపలా కాస్తుంటారు. దర్శనానికి వచ్చినవాళ్ళలో చాలామంది సమాధిని చూసి వెళ్ళిపోతారట. కొలబద్ద మనిషిని చూడాలంటే తల పైకెత్తాలి.

పరీక్ష పాసైతేనే

రాజులూ మఠాలూ సరే, లిస్బన్ వీధుల్లో మెస్త్రె అంటే ఎవరు? వడ్రంగి, చర్మకారుడు, కంసాలి, పీపాలు చేసేవాడు, దర్జీ. ఎవరైనా కావచ్చు గాని, ఎవరికి వారు అయిపోవడానికి వీల్లేదు. ముందు ‘అప్రెందీష్’గా చేరాలి, అంటే శిష్యరికం. ఏళ్ళు గడిచాక ‘ఒఫిసియాల్’, కూలికి పని చేసే పనివాడు. అప్పుడు తన వృత్తి పెద్దల ముందు పరీక్ష. వాళ్ళు చెప్పిన వస్తువు వాళ్ళ కళ్ళ ముందు చేసి చూపాలి. గెలిస్తే ‘పరీక్ష పత్రం’ చేతికిస్తారు. అది ఉంటేనే సొంతంగా అంగడి పెట్టుకోవచ్చు, తన కింద శిష్యుల్ని చేర్చుకోవచ్చు. గొప్ప కళాఖండాన్ని పోర్చుగీసులో ఇప్పటికీ ‘ఒబ్రా ప్రీమా’ అంటారు. అక్షరాలా చూస్తే మొదటి పని. దాని వెనక ఇలాంటి పరీక్షల వాసన ఉంది.

ఈ మెస్త్రెలకు పురపాలనలో వాటా కూడా దక్కింది. జువావ్ గద్దెనెక్కే రోజుల్లోనే, 1383-84 ప్రాంతంలో, లిస్బన్‌లో ‘ఇరవైనలుగురి ఇల్లు’ అనే సభ ఏర్పడింది. 12 వృత్తుల నుంచి ఇద్దరేసి మంది. నగరపాలనలో, ధరల్లో, పన్నుల్లో వాళ్ళ మాటకు విలువ ఉండేది. అది 1834 దాకా నడిచింది. ఉదారవాద ప్రభుత్వం వచ్చి, వృత్తిసంఘాలు వ్యాపార స్వేచ్ఛకు అడ్డం అంటూ రద్దు చేసేసింది.

అక్కడ మెస్త్రెకు కింద మనుషులుండేవారు, పైన అజమాయిషీ చేసే సంఘం ఉండేది. మాట ఓడెక్కేటప్పుడు ఈ రెండోది రేవులోనే దిగిపోయింది. నా మట్టుకు నాకు ఈ కథ మలుపు తిరిగింది ఇక్కడే అనిపిస్తుంది.

రాయలవారు నవ్వారు

వాస్కో డ గామా 1498లో కోజికోడ్ దగ్గర దిగాడు. 1503లో కొచ్చిన్‌లో కోట, 1510లో గోవా. ఆ వెంటే నౌకాశాలలు లేచాయి. ఓడ బాగు చేయాలన్నా, కొత్తది కట్టాలన్నా, కోటగోడ లేపాలన్నా పోర్చుగల్ నుంచి మెస్త్రెలు కావాలి, చేతికింద పని చేయడానికి ఇక్కడి వడ్రంగులు, రాతిపనివాళ్ళు కావాలి. రోజంతా ‘మెస్త్రె, మెస్త్రె’ అని వినేది వాళ్ళే. కొంకణిలో వడ్రంగిని నేటికీ ‘మేస్త’ అంటారు.

పోర్చుగీసు మేస్త్రి ఒకాయన మన కృష్ణదేవరాయల దగ్గరకే వచ్చాడు. 1530ల్లో విజయనగరం గురించి రాసిన ఫెర్నావ్ నూనిజ్ ఈ ముచ్చట చెప్పాడు. రాయలు నేటి హోస్పేట దగ్గర పెద్ద చెరువు తలపెట్టి, గోవా గవర్నరుకు కబురంపి రాతిపనివాళ్ళను అడిగాడు. గవర్నరు జువావ్ దెల్లా పొంతె అనే దిట్టను పంపాడు. రాజు తనకెలాంటి చెరువు కావాలో చెప్పాడు. అది కుదిరే పని కాదని మనసులో అనుకుంటూనే, చేస్తాను గాని సున్నం సిద్ధం చేయించండి అన్నాడు పొంతె. రాయలు పకపకా నవ్వాడట. ఈ దేశంలో ఇళ్ళు కట్టడానికి సున్నం వాడడం తెలియదని నూనిజ్ వ్యాఖ్య. గోపురాల నిండా గచ్చు బొమ్మలు నిలిపిన హంపి గురించి ఈ మాట నమ్మబుద్ధి కాదు. చెరువు కట్టకు సున్నమేంటని నవ్వి ఉంటాడు, నూనిజ్ ఇంకోలా అర్థం చేసుకుని ఉంటాడు.

కథ తరవాత చీకటిగా మారింది. లోయలోకి బండరాళ్ళు దొర్లించారు. పగలు కట్టింది రాత్రికి తెగిపోతోంది. పండితులు బలి కోరారు. మరణశిక్ష పడిన ఖైదీలను తెచ్చి అక్కడే తలలు నరికించారని, అప్పుడు పని సాగిందని నూనిజ్ రాశాడు. బతాల్యాలో జనం చెప్పుకునే కథలో ఆసరాలు తీసింది ఖైదీలు, ఇక్కడ కట్ట కింద పోయిందీ ఖైదీలే. మేస్త్రుల పేర్లు రెండు చోట్లా మిగిలాయి.

తెలుగు రేవుల్లోకి

మాట తెలుగులోకి ఏ తేదీన వచ్చిందని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఏ దారిన వచ్చిందో ఊహించడం కష్టం కాదు. డచ్చివాళ్ళు, ఆ వెనక 1611లో ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నంలో దిగేసరికే రేవుల్లో బేరసారాలకు ఒక విరుపు పోర్చుగీసు నడుస్తోంది. దుబాసీకి అది రావాలి, సరంగుకు రావాలి, దొరకూ రావాలి. 1698లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన పట్టాలో, ఇక్కడికి వచ్చే పాదిరీలు ఏడాది లోపు పోర్చుగీసు నేర్చుకుని తీరాలని షరతు పెట్టారు. పోర్చుగీసువాళ్ళ ఏలుబడి తగ్గిపోయాక కూడా వాళ్ళ భాషకు గిరాకీ ఉందన్నమాట. మద్రాసు పక్కనే మైలాపూరులో వాళ్ళ పాత స్థావరం ఉండనే ఉంది.

1886లో యూల్, బర్నెల్ అచ్చువేసిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు నాటికి మిస్త్రీ, మేస్త్రి రూపాలు దేశమంతా పాకిపోయాయి. ఉత్తరాన ఏ పనివాడినైనా మిస్త్రీ అనేవారు. దక్షిణాదిన దొరల ఇళ్ళల్లో మేస్త్రి అంటే వంటవాడు, లేకపోతే దర్జీ. పెళ్ళిళ్ళ సీజన్‌లో మనం వెతుక్కునే ‘వంట మేస్త్రి’కి ఇంత పాత చుట్టరికం ఉంది. దేశంలోని పోర్చుగీసు మాటలన్నిటినీ జల్లెడ పట్టినవాడు గోవాలో 1855లో పుట్టిన పాదిరి సెబస్తియావ్ రొదోల్ఫు దల్గాదు. ఆసియా భాషల్లో పోర్చుగీసు పదాల మీద ఆయన పుస్తకం 1913లో కోయింబ్రాలో వెలువడింది.

పడమటి తీరంలో మిస్త్రీ ఇంటిపేరే అయింది. కట్టడాల పని పట్టిన పార్సీ కుటుంబాలకు అది నిలిచిపోయింది. టాటా సన్స్ ఛైర్మన్‌గా పనిచేసిన సైరస్ మిస్త్రీ, కెనడాలో స్థిరపడిన నవలాకారుడు రోహింటన్ మిస్త్రీ ఇద్దరి పేర్లలోనూ లిస్బన్ మెస్త్రె కూర్చుని ఉన్నాడు. మన దగ్గర ఇంటిపేరు కాలేదు గాని ఉద్యోగం పేరైంది. మున్సిపాలిటీల్లో ‘శానిటరీ మేస్త్రి’ రిజిస్టర్లకెక్కాడు.

[బాక్సు] మేస్త్రి ఒక్కడే రాలేదు

ఆ స్లాబు మేస్త్రి మెడలో తువ్వాలు కూడా పోర్చుగీసే. ఇంట్లో అలమర, చొక్కా బొత్తాం, ఆ బొత్తాం దూరే కాజా, స్నానాల గదిలో బాల్చీ, నీళ్ళ పీపా, పళ్ళబండి మీద అనాస, చర్చిలో పాదిరి, బ్యాంకు వాళ్ళు వేసే వేలం కూడా ఆ ఓడల సరుకే. కాజాకు మూలమైన ‘కాజ’ అంటే పోర్చుగీసులో ఇల్లు. బొత్తాం ఉండే ఇల్లు! బళ్ళో పిల్లల్ని చూసుకునే ఆయా ‘అయ’ నుంచి వచ్చింది, దాని వెనక లాటిన్‌లో అమ్మమ్మ అనే మాట ఉంది. ఎదురు ప్రయాణమూ జరిగింది. గోడౌను అనే మాట మలయ్ మీదుగా మన ‘గిడ్డంగి’ నుంచే వెళ్ళిందని నిఘంటుకారులు చెబుతారు.

రంగం వెళ్ళిన మేస్త్రి

ఉత్తరాంధ్రలో, గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్ళు ‘రంగం పోయాడు’ అంటే రంగూన్ వెళ్ళాడని. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి స్టీమర్ల డెక్కుల మీద కిక్కిరిసి బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళు లెక్కలేనంతమంది. బియ్యం మిల్లుల్లో బస్తాలు, ఓడరేవులో మూటలు, వీధుల్లో రిక్షాలు. బర్మాలో వాళ్ళను ‘కోరంగీలు’ అనేవారు, కోరంగి రేవు పేరు మీద. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే.

వాళ్ళను ఊళ్ళోంచి కదిలించింది మేస్త్రి. ఇంగ్లీషు రికార్డుల్లో దీనికి పేరే ‘మేస్త్రి పద్ధతి’. వాన పడని ఏడు, అప్పు తీరని ఇల్లు చూసుకుని మేస్త్రి వస్తాడు. టిక్కెట్టు డబ్బులు, ఇంటి ఖర్చుకు కొంత అడ్వాన్సు ఇస్తాడు. సంతకం రాదు కాబట్టి వేలిముద్ర వేయించుకుంటాడు. రంగూన్‌లో కంపెనీకి కూలీ ఎవరో తెలియదు, మేస్త్రి తెలుసు. కూలి డబ్బులు కంపెనీ నుంచి కంట్రాక్టరుకు, అక్కడి నుంచి హెడ్ మేస్త్రికి, గ్యాంగు మేస్త్రికి, చివరికి కూలీకి. ప్రతి మెట్టు దగ్గరా కొంత ఆగిపోతుంది. పడుకునే చోటుకు కోత, తిండికి కోత, అడ్వాన్సుకు కోత. మెస్త్రెకు లిస్బన్‌లో పెట్టిన పరీక్ష ఈ మేస్త్రికి ఎవరూ పెట్టలేదు. అతనికి రాయి చెక్కడం రానక్కర్లేదు. తన ఊళ్ళో ఎవరికి ఎంత అప్పుందో తెలిస్తే చాలు.

అలాగని మేస్త్రిని ఒట్టి రాక్షసుణ్ణి చేసేస్తే అన్యాయం. భాష తెలియని దేశంలో జ్వరమొస్తే మందు ఇప్పించేదీ, ఇంటికి మనియార్డరు కట్టేదీ, చచ్చిపోతే శవాన్ని మోయించేదీ అతనే. చాలామందికి అతను వరసకు మావయ్యో, బాబాయో. కోత కోసేదీ ఆదుకునేదీ ఒకే చెయ్యి అయినప్పుడు ఎదురు తిరగడం ఎంత కష్టమో కూలి పని చేసినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

అయినా తిరిగారు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మా వాళ్ళను పనిలోకి దించాయి. తరవాత రాజీ కుదిరి తెలుగువాళ్ళు తిరిగి వచ్చిన రోజు, మే 26న, పని పోయిన బర్మా వాళ్ళకూ వీళ్ళకూ మధ్య గొడవ రేగి ఊరంతా అంటుకుంది. వంద మందికి పైగా చనిపోయారని అంచనా. పోయినవాళ్ళలో ఎక్కువమంది కోరంగీలు. 1942లో జపాన్ దాడి చేయడంతో మిగిలినవాళ్ళు ఓడల్లోనూ, కొండదారుల్లో కాలినడకనా బయటపడ్డారు.

అడ్వాన్సు ఎవరిదైతే...

రంగం పోయే దారి మూసుకుపోయినా మేస్త్రి దారి మూసుకుపోలేదు. పాలమూరు గుంపు మేస్త్రి అదే బడి. కరువు నేల నుంచి ఆలుమగల్ని జంటలుగా కుదుర్చుకుని, అడ్వాన్సులిచ్చి, దూరాభారాన డ్యాముల పనికీ, కాలువల తవ్వకానికీ, రోడ్ల పనికీ తీసుకుపోయేవాడు. ముసలివాళ్ళూ తాళాలూ ఊళ్ళో మిగిలేవి. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చాయి. చట్టం కాగితం మీద కంట్రాక్టరును పట్టుకుంటుంది. మేస్త్రి కాగితం మీద ఉండడు.

ఇప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల ఇటుక బట్టీల్లో పని చేసేది ఎక్కువగా పశ్చిమ ఒడిశా వాళ్ళు. బలాంగీర్, నువాపడా నుంచి వాళ్ళను తెచ్చే మనిషిని ‘సర్దార్’ అంటారు. మాట మారింది, లెక్క అదే. ఒకప్పుడు అడ్వాన్సు పుచ్చుకుని వెళ్ళిన నేల ఇప్పుడు అడ్వాన్సు ఇచ్చి రప్పిస్తోంది.

శ్రీలంకలో మేస్త్రికి వేరే పేరుంది. సింహళంలో వడ్రంగినీ తాపీపని పెద్దనూ ‘బాస్’ అంటారు. అది డచ్చి మాట. పోర్చుగీసువాళ్ళను వెళ్ళగొట్టి డచ్చివాళ్ళు ఏలిన గుర్తు. అమెరికాలోనూ అదే డచ్చి మాట నుంచి ‘బాస్’ పుట్టింది. యజమానిని ‘మాస్టర్’ అంటే బానిసలతో కలిపి లెక్కేస్తారని అక్కడి కూలీలు ఈ మాట ఎత్తుకున్నారంటారు. ఆఫీసులో మనం బాస్ అని పిలిచేవాడూ, స్లాబు మీద మేస్త్రీ చేసే ఉద్యోగం ఒకటే.

మళ్ళీ పరీక్ష

సాల్వడోర్‌కి వద్దాం. 1890 నాటి శిక్షాస్మృతిలో బ్రెజిల్ కపోయెరాను నేరం చేసింది. బహిరంగంగా ఆడితే జైలు. 1930ల్లో మానుయెల్ దొస్ రెయిస్ మషాదు అనే నల్లజాతి మనిషి దాన్ని బళ్ళోకి తెచ్చాడు. లోకానికి ఆయన మెస్త్రి బింబ. ఇలాంటి విద్యల్లో మెస్త్రి అనిపించుకోవడానికి ఏళ్ళు పడుతుంది. ఆ మాట ఎవరికి వారు తగిలించుకుంటే అఖాడాలో నవ్వుతారు. 2014లో యునెస్కో కపోయెరాను మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. అదే బ్రెజిల్‌లో కట్టడం పని చూసేవాడు ‘మెస్త్రి జి ఒబ్రస్’. పనుల మేస్త్రి. అతని కష్టాలు మన వాళ్ళవే.

ఇక్కడా సర్టిఫికెట్లు మొదలయ్యాయి. 1998లో ఏర్పడిన హైదరాబాద్ నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ తాపీపని, వడ్రంగం, ప్లంబింగ్ నేర్పుతోంది. 2015లో మొదలైన కేంద్ర నైపుణ్య పథకంలో, చదువు లేకపోయినా పని వచ్చినవాడికి పరీక్ష పెట్టి కాగితం ఇచ్చే ఏర్పాటు ఉంది. లిస్బన్ పరీక్ష పత్రం చుట్టూ తిరిగి వచ్చినట్టే. కాకపోతే లిస్బన్‌లో ఆ కాగితం లేనివాడు అంగడి పెట్టలేకపోయేవాడు. మన దగ్గర కాగితం ఉన్నవాడూ లేనివాడూ పొద్దున్నే ఒకే అడ్డా మీద నిలబడతారు, ఇద్దరికీ కూలి ఒకటే.

రసమట్టం, మూలమట్టం చేతబట్టి, కంటితోనే అంగుళం తేడా పసిగట్టే తాపీ మేస్త్రులు ఇంకా ఉన్నారు. గృహప్రవేశం నాడు వాళ్ళకు బట్టలు పెట్టి దండం పెట్టే ఇళ్ళూ ఉన్నాయి. వాళ్ళకింద పనిలో చేరిన కుర్రాడు తట్ట మోసి, మాలు కలిపి, ఇటుక అందించి, ఒకరోజు మేస్త్రి టీకి వెళ్ళినప్పుడు తాపీ పట్టి ఓ వరస పెట్టి చూస్తాడు. వరస బాగుంటే మేస్త్రి చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. మన పరీక్ష అదే. ఆ కుర్రాడితో పాటే అదే తట్ట పదేళ్ళు మోసిన ఆడమనిషికి ఆ అవకాశం ఎప్పుడో గాని రాదు.

పోర్చుగీసులో ‘మెస్త్రె’కు స్త్రీలింగం ఉంది, ‘మెస్త్ర’. పాఠం చెప్పే పంతులమ్మ మెస్త్ర. తేనెపట్టులో రాణి ఈగను మెస్త్ర అంటారు. ఇంటి బరువు మోసే గోడ కూడా ‘పరేద్ మెస్త్ర’యే. జార్ఖండ్‌లో స్వచ్ఛభారత్ మరుగుదొడ్లు కట్టడానికి మగ మేస్త్రులు చాలక ఊళ్ళలో ఆడవాళ్ళకు తాపీపని నేర్పారు. వాళ్ళకు ‘రాణి మిస్త్రీ’ అని పేరొచ్చింది. హిందీలో తాపీ మేస్త్రిని ‘రాజ్ మిస్త్రీ’ అంటారు మరి. నిజానికి ఆ ‘రాజ్’ రాజు కాదు, తాపీపనివాడికి పారశీకంలో ఉన్న ‘రాజ్’ అనే మాట. జనం దాన్ని రాజు అని విన్నారు. రాజు ఉంటే రాణి ఉండాలి కదా అన్నారు. ఆ రాణి మిస్త్రీలు ఇప్పుడు ఇళ్ళు కూడా కడుతున్నారు. మన దగ్గర తాపీ పట్టిన ఆడవాళ్ళు లేకపోలేదు. అడ్డా మీద బేరం ఆడేటప్పుడు మాత్రం వాళ్ళను ఇంకా ‘ఆడ లేబరు’ రేటులోనే కడతారు.